ఓటు కథ – 9: పట్టా ఎవరి పేరున?

గత వారం న్యూజిలాండ్‌లో దాదాపు 32 వేల సంతకాలతో పార్లమెంటు తలుపు తట్టిన స్త్రీల దగ్గర ఆగాం. ఈసారి అంత దూరం పోనక్కర్లేదు. మదనపల్లె దాకా వస్తే చాలు.

1916లో ఆ ఊరికి ఒక ఐరిష్ జంట కాపురానికి వచ్చింది. భర్త జేమ్స్ కజిన్స్ కవి. మద్రాసులో అనీబిసెంట్ నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో పనిచేసేవారు. ఆ ఏడాది ఈస్టర్ పండుగ రోజుల్లో డబ్లిన్‌లో ఇంగ్లీషువాళ్ల మీద తిరుగుబాటు లేచింది. దాన్ని మెచ్చుకుంటూ ఆయన రాసిన వ్యాసం ఇక్కడి దొరతనానికి కంటగింపైంది. పత్రికలో ఉంచుకుంటే చిక్కు, వదులుకుంటే మంచి మనిషి చేజారిపోతాడు. బిసెంట్ మధ్యేమార్గం చూసి, అంతకు ఏడాది ముందు మదనపల్లెలో పెట్టిన థియసాఫికల్ కళాశాలకు ఆయన్ను పంపించారు. అలా ఎక్కడో డబ్లిన్‌లో పేలిన తుపాకి చప్పుడు చిత్తూరు జిల్లాలో ఒక సంసారాన్ని దింపింది.

భార్య మార్గరెట్ సంగీతంలో పట్టా పుచ్చుకున్నారు. ఓటు కోసం లండన్‌లో ఒకసారి, డబ్లిన్‌లో ఒకసారి సర్కారు కిటికీల అద్దాలు పగలగొట్టి రెండు జైళ్లూ చూసి వచ్చారు. 1919లో రవీంద్రుడు మదనపల్లె వచ్చినప్పుడు ఆయన పాడిన ‘జనగణమన’కు స్వరాలు రాసిపెట్టింది ఈమే. ఆ సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. అంతకు ముందే అదే ఊళ్లో ఆమె చేసిన మరో పని అంతగా ప్రచారంలో లేదు. ఊరి ఆడవాళ్లను కూడగట్టి ఒక సంఘం పెట్టారు. దాని పేరు ‘అబలా అభివర్ధినీ సమాజం’.

ఆ పేరు చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పోలీసులకు ఎదురు నిలిచి జైలుకెళ్లిన మనిషి పెట్టిన సంఘానికి ‘అబల’ అనే నామకరణమా! కానీ ఆ కాలానికి ఆ పేరే భద్రం. ఆడవాళ్లు చేరి కుట్లు, చదువు నేర్చుకుంటారంటే మగవాళ్లు గుమ్మం దాటనిస్తారు. ఓట్ల గురించి మాట్లాడుకుంటారంటే దాటనివ్వరు. ఇది తెలుగునాట మొదటి స్త్రీ సమాజమేమీ కాదు. బండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ మచిలీపట్నంలో 1902లోనే బృందావన స్త్రీ సమాజం పెట్టారు. నేల అప్పటికే దున్ని ఉంది. మదనపల్లెలో పడిన విత్తనం మాత్రం వేరు జాతిది.

1917 మే 8న అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. అధ్యక్షురాలు అనీబిసెంట్. మార్గరెట్, డొరతీ జినరాజదాస దాన్ని నడిపించారు. మదనపల్లె సమాజం లాంటి చిన్న చిన్న సంఘాలు దాని కొమ్మలయ్యాయి. ఆ మరుసటి ఏడాది నుంచి ‘స్త్రీధర్మ’ అనే పత్రిక కూడా నడిపారు. ఇక్కడా పేరు చూడండి, ఎంత వినయంగా ఉందో!

1917 ఆగస్టు 20న భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగు లండన్‌లో ఒక ప్రకటన చేశారు. భారతీయులకు స్వపరిపాలన అంచెలంచెలుగా ఇస్తామన్నారు. ఆ అంచెలు ఎలా ఉండాలో తేల్చడానికి స్వయంగా దేశానికి వచ్చి, వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌తో కలిసి ఊరూరా ప్రతినిధి వర్గాల మాట విన్నారు. జమీందార్లు వెళ్లారు, వర్తకులు వెళ్లారు, కులసంఘాలు వెళ్లాయి. మార్గరెట్ కూడా ఒక దరఖాస్తు పెట్టారు. ఆడపిల్లల చదువు గురించి స్త్రీలం వచ్చి విన్నవించుకుంటామని అందులో రాశారు.

జవాబు వచ్చింది. మంత్రిగారు రాజకీయ విషయాలు తప్ప వేరేవి వినరు అని దాని సారాంశం.

ఏ గుమాస్తా రాశాడో గాని, ఆ జవాబు వల్ల జరిగిన మేలు అంతా ఇంతా కాదు. చదువు గురించి వద్దంటే ఓటు గురించి అడుగుదాం అని మార్గరెట్‌కు తోచింది. దరఖాస్తు మారింది. 1917 డిసెంబరు 18న మద్రాసులో సరోజినీ నాయుడు ముందు నడవగా స్త్రీల బృందం మాంటేగు ఎదుట నిలబడింది. ఆ రోజు ఆ గదిలో చిత్రమైన సంగతి ఒకటి ఉంది. అడుగుతున్నవాళ్లకు ఓటు లేదు సరే, ఆ మంత్రిగారి దేశంలోని స్త్రీలకూ పార్లమెంటు ఓటు ఇంకా లేదు. ఆ బిల్లు అప్పటికి లండన్‌లో నలుగుతూనే ఉంది. మరో ఏడు వారాలకు, 1918 ఫిబ్రవరి 6న అది చట్టమైంది. అదీ ముప్ఫై ఏళ్లు నిండినవాళ్లకే. పైగా తనకో, తన భర్తకో ఇల్లూ వాకిలీ లెక్కకు రావాలి. ఈ ‘తన భర్తకో’ అన్న ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

బృందం పెట్టిన కోరిక పైకి చాలా చిన్నది. ప్రజలకు ఓటు ఇచ్చేటప్పుడు ‘ప్రజలు’ అన్న మాటలో మమ్మల్ని కూడా లెక్కపెట్టండి, చట్టంలోని మాటలు స్త్రీ అన్న కారణంగా ఎవరినీ తోసెయ్యకుండా చూడండి. అంతే. కొత్త హక్కేదీ సృష్టించమనలేదు, అడ్డుగోడ కట్టవద్దన్నారు. వినతిపత్రాలు రాసేవాళ్లు ఈ కిటుకు నేర్చుకోవాలి.

మాంటేగు ఆ రాత్రి డైరీలో ఈ భేటీ ఆసక్తిగా ఉందనే రాసుకున్నారు. సరోజిని తెలివైన మనిషి, ఆకట్టుకునే మనిషి, కానీ లోపల విప్లవకారిణి అని అనుమానపడ్డారు. అనుమానం సరైనదే. అయితే 1918లో వచ్చిన మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ నివేదికలో స్త్రీల ఓటు ఊసే లేదు.

ఓటు ఎవరికివ్వాలో తేల్చడానికి లార్డ్ సౌత్‌బరో కమిటీ వేశారు. దేశపు సాంఘిక పరిస్థితులు ఇంకా అందుకు సిద్ధంగా లేవని ఆ కమిటీ తేల్చింది. ఘోషాలో ఉండే స్త్రీలు ఎలా వచ్చి ఓటేస్తారన్నది వాళ్లకు పెద్ద చిక్కుగా కనిపించింది. స్త్రీలకు చదువు లేదన్న వాదన కూడా అప్పుడు బాగా వినిపించింది. ఓటు పొందుతున్న రైతుల్లో వేలిముద్రగాళ్లు ఎంతమంది అని ఎవరూ అడగలేదు. కాంగ్రెస్ మాత్రం 1918లో బొంబాయి ప్రత్యేక సభలో సరోజిని ప్రతిపాదించగా స్త్రీల ఓటుకు అనుకూలంగా తీర్మానం చేసింది.

పంచాయతీ లండన్‌కు చేరింది. 1919లో పార్లమెంటు సంయుక్త కమిటీ ముందు బిసెంట్, సరోజిని సాక్ష్యం చెప్పారు. బొంబాయి నుంచి హేరాబాయి టాటా, ఆమె కూతురు మిఠన్ కూడా వెళ్లి చెప్పారు. మిఠన్ అక్కడే చదువుకు ఉండిపోయి 1923లో బారిస్టరై తిరిగి వచ్చారు. ఇన్ని సాక్ష్యాలూ విన్న తర్వాత పార్లమెంటు తెలివైన పని చేసింది. అవుననకుండా, కాదనకుండా బంతిని ఇక్కడికే విసిరేసింది. 1919 చట్టం ప్రకారం స్త్రీలకు ఓటు లేదు, కానీ ఏ రాష్ట్ర శాసనసభ అయినా తీర్మానం చేసుకుంటే ఆ రాష్ట్రం వరకు ఆ అడ్డు తొలగించుకోవచ్చు. చిన్న వంకరదారి. ఆ దారి గుండానే బండి నడిచింది.

మద్రాసు శాసనసభకు 1920లో ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్ వాటిని బహిష్కరించింది. జస్టిస్ పార్టీ గద్దెనెక్కింది. 1921 ఏప్రిల్ 1న దివాన్ బహదూర్ కృష్ణన్ నాయర్ స్త్రీలకు ఓటు ఇవ్వాలని తీర్మానం పెట్టారు. భారీ ఆధిక్యంతో నెగ్గింది. తేదీ చూసి పాఠకులు వేళాకోళం అనుకోవద్దు, అది నిజంగా ఏప్రిల్ ఒకటే. తిరువాంకూరు సంస్థానం లాంటివి అప్పటికే ఈ పని చేశాయి. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో మాత్రం మద్రాసే మొదటిది. ఆ ఏడాదే బొంబాయి అదే బాట పట్టింది. బెంగాల్ సభ 1921లో తోసిపుచ్చి, 1925లో మనసు మార్చుకుంది. బీహార్–ఒరిస్సా 1929 దాకా ఆగింది.

మద్రాసే ముందు ఎందుకు? అడయారు సంఘం అంటిపెట్టుకుని ఉండటం ఒక కారణం. ఘోషా ఉత్తరాదిలో ఉన్నంతగా ఇక్కడ లేకపోవడం ఇంకోటి. తీర్మానం పెట్టిన పెద్దమనిషి మాతృవంశం పాటించే మలబారు వైపువాడు. ఆస్తి ఆడవాళ్ల వైపు నుంచి నడిచే ఇళ్లను చూసిన కంటికి ఆడదాని ఓటు పెద్ద వింత కాదు. వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది వేరే ఉంది. ఓటు అడిగింది స్వపరిపాలన కోరే హోంరూల్ ఉద్యమపు స్త్రీలు, ఇచ్చింది హోంరూల్ అంటే గిట్టని జస్టిస్ పార్టీ సభ. మన పాఠ్యపుస్తకాలు ఈ ఇద్దరినీ ఒకే పేరాలో ఇమడ్చలేక ఈ ఘట్టాన్ని దాటేస్తాయేమో అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. 1921లో మద్రాసు స్త్రీకి వచ్చిన ఓటు పురుషుడితో సమానమైన ఓటు. వయసు 21 చాలు. అదే కాలంలో లండన్‌లో 29 ఏళ్ల డాక్టరమ్మకు ఓటు లేదు, ఆ వయసువాళ్లకు 1928 దాకా రాలేదు. మదనపల్లె తాలూకాలో 21 ఏళ్ల రైతు స్త్రీ పోలింగుకు పోవచ్చు. కాగితం మీద చూస్తే పాలించేవాళ్ల ఆడవాళ్లకంటే పాలితుల ఆడవాళ్లే ముందున్నారు.

కాగితం మీద అన్నాను కదా. పురుషుడితో సమానం అంటే, పురుషుడికి ఉన్న షరతులే ఈమెకూ అని అర్థం. పల్లెలో ఏడాదికి పది రూపాయల శిస్తు కట్టే పట్టాదారై ఉండాలి. పట్నంలో అయితే పన్నుల లెక్క ఉంది. నాలుగు కోట్లకు పైగా జనం ఉన్న రాష్ట్రంలో 1920 నాటి ఓటర్లు సుమారు 12 లక్షలు. అంటే మగవాళ్లలోనే నూటికి తొంభైమంది గడప బయటే ఉన్నారు. ఇక ఆడవాళ్లలో పట్టా ఎంతమంది పేరున ఉంటుంది?

మన పల్లెల్లో ఆడపిల్లకు పెళ్లిలో పసుపు కుంకుమల కింద ఎకరమో రెండెకరాలో ఇవ్వడం ఉండేది. ఇచ్చామన్న మాట ఊరందరికీ తెలుసు. కరణం దస్త్రంలో మాత్రం తరచు అది పుట్టింటివాళ్ల పేరునే ఉండిపోయేది, లేదంటే అల్లుడి పేరున ఎక్కేది. ఉమ్మడి కుటుంబంలో భర్త పోతే ఆస్తి మరుదులకో కొడుకులకో చెందేది, ఆమెకు దక్కేది మనోవర్తి. భర్త అన్నదమ్ముల నుంచి పంచుకుని విడిపోయి, మగసంతానం లేకుండా కన్నుమూస్తే, అప్పుడు భూమి భార్యకు వస్తుంది. అది కూడా బతికినంతకాలం అనుభవించడానికే, అమ్ముకోవడానికి కాదు. కానీ పట్టా ఆమె పేరు మీదికి మారుతుంది, శిస్తు రసీదు ఆమె పేరున వస్తుంది. ఓటుకు అది చాలు.

ఈ లెక్కలన్నీ కూడి చూస్తే 1923 ఎన్నికల్లో మన జిల్లాల నుంచి మొదటిసారి ఓటు వేయగలిగిన పల్లె స్త్రీ ఎవరై ఉంటుందో ఊహించవచ్చు. చాలా చోట్ల ఆమె కొడుకుల్లేని వితంతువు. శుభకార్యాలకు పిలుపు రాని మనిషి, పేరంటానికి గడప తొక్కనివ్వని మనిషి, పొద్దున్నే ఎదురొస్తే జనం వెనక్కి తిరిగే మనిషి. శాసనసభకు ఎవరు పోవాలో చెప్పమని సర్కారు మొదట అడిగింది ఆమెనే. పసుపు కుంకుమలతో నిండుగా ఉన్న పక్కింటి ఇల్లాలికి ఆ పిలుపు రాలేదు.

ఓటు వేయడం ఒకటి, పోటీ చేయడం వేరొకటి. రెండోదానికి 1926 దాకా ఆగాల్సి వచ్చింది. నిబంధనలు మారగానే మార్గరెట్ ఊరుకోలేదు. 23 ఏళ్ల కమలాదేవి చటోపాధ్యాయను వెంటపడి ఒప్పించారు. మంగళూరు వైపు దక్షిణ కెనరా నుంచి ఆమె మద్రాసు శాసనసభకు నిలబడ్డారు. ప్రచారానికి వ్యవధి లేదు, ఆడది ఓటు అడగడం ఎవరూ చూసినది కాదు. ఓడిపోయారు, కొద్ది ఓట్ల తేడాతో. గెలుపు ఇంకో తలుపు గుండా వచ్చింది. ప్రభుత్వం డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిని సభకు నామినేట్ చేసింది, సభ ఏకగ్రీవంగా ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకుంది. పుదుక్కోట్టలో దేవదాసి కుటుంబపు తల్లికి పుట్టిన ఆమె, ఆ పీఠం మీద నుంచే దేవదాసీ ఆచారం మీద యుద్ధం మొదలుపెట్టారు. 1930లో గాంధీజీని అరెస్టు చేయగానే పదవి వదిలేశారు. ఆమె కథ ఒక వారానికి సరిపోదు.

1930 దశకం మొదట్లో లెక్క తీస్తే దేశం మొత్తం మీద 20 మంది పురుష ఓటర్లకు ఒక్క స్త్రీ ఓటరు తేలింది. ఆస్తి షరతు ఉన్నంతకాలం ఇది మారదని అందరికీ అర్థమైంది. విమెన్స్ ఇండియన్ అసోసియేషన్, అఖిల భారత మహిళా సభ కలిసి సూటిగా అడిగాయి, వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు ఇవ్వండి, మాకు ప్రత్యేకంగా ఏమీ వద్దు అని. సర్కారు అది కుదరదంది. దానికి బదులు వేరే ఉపాయం తెచ్చింది. మొగుడికి ఫలానా ఆస్తి ఉంటే పెళ్లానికి ఓటు!

1918లో లండన్‌లో చూసిన ‘తన భర్తకో’ అన్న ముక్క ఇదే. వాళ్ల దేశంలో 1928లో దాన్ని తీసి పారేశారు. ఏడేళ్ల తర్వాత 1935 చట్టంలో అదే మనకు పంపించారు. పాత కోటు పేదింటి బంధువులకు ఇచ్చినట్టు. మహిళా సంఘాలు చిరాకు పడ్డాయి. భార్యగా కాదు, మనిషిగా అడిగాం అన్నాయి. అయినా లెక్క మాత్రం పెరిగింది, ఆ మాట ఒప్పుకోవాలి. 60 లక్షలకు పైగా స్త్రీలు జాబితాలోకి వచ్చారు. పేరంటానికి పిలుపొచ్చే ఇల్లాలు కూడా ఎట్టకేలకు ఓటరైంది, తాళి కట్టినవాడి శిస్తు రసీదు పట్టుకుని.

ఆ చట్టం రాకముందే, 1932 డిసెంబరులో, అత్యవసర చట్టాలకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు, మార్గరెట్‌ను వెల్లూరు జైలుకు పంపారు. శిక్ష ఏడాది. లండన్, ఐర్లండ్ జైళ్లకు జోడీగా ఒక భారతీయ జైలు కూడా ఆమె ఖాతాలో పడింది.

రాజ్యాంగ సభలో మద్రాసు నుంచి దుర్గాబాయి కూర్చున్నారు. అడయారు సంఘపు తొలినాళ్ల నుంచి ఉన్న అమ్ము స్వామినాథన్ కూడా కూర్చున్నారు. ఆస్తి, చదువు, భర్త, ఈ షరతులన్నీ ఒక్క దెబ్బకు పోయాయి. 21 ఏళ్లు నిండితే ఓటు. 17 కోట్లకు పైగా జనం పేర్లు రాసుకోవాలి, అందులో దాదాపు ఎనిమిది కోట్లు స్త్రీలవి. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఆ పని నెత్తిన వేసుకున్నారు. 1952లో తెలంగాణ పల్లెలకు వయోజన ఓటు తొలిసారి చేరింది. ఆలేరు ఓటర్లు ఆరుట్ల కమలాదేవిని హైదరాబాదు శాసనసభకు పంపారు. నాలుగేళ్ల ముందు దాకా ఆమె అడవుల్లో, దళాల్లో ఉన్న మనిషి.

మన పెళ్లిళ్లలో కొత్తజంట గృహప్రవేశం చేసేటప్పుడు ఆడబిడ్డలు గుమ్మంలో అడ్డుపడి పేర్లు చెప్పిస్తారు. పెళ్లికూతురు భర్త పేరు పలకడానికి సిగ్గుపడటం, అందరూ నవ్వడం, అదో వేడుక. ఆ తర్వాత చాలామంది ఆ పేరు మళ్లీ నోట రానివ్వరు. మన దగ్గర మొగమాటం మొగుడి పేరు దగ్గర. ఉత్తరాదిలో చాలా ఊళ్లలో అది సొంత పేరు దగ్గరే ఉండేది. జాబితా రాయడానికి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి పేరు అడిగితే, లోపలి నుంచి ‘ఫలానా వారి భార్యను’ అని వచ్చేది, ‘ఫలానా వారి కూతురిని’ అని వచ్చేది. రాసేవాళ్లు అలాగే రాసుకుపోయారు.

సంగతి సేన్ దృష్టికి వచ్చింది. ఓటరు అంటే ఒక మనిషి, మనిషికి పేరు ఉండాలి, ఎవరి భార్యో రాస్తే కుదరదు అన్నారు. మళ్లీ వెళ్లి అడిగి రమ్మన్నారు. అడిగినా చెప్పనివాళ్ల వివరాలు తీసేయమన్నారు. దాదాపు 28 లక్షల మంది స్త్రీలు అలా జాబితాలోంచి పోయారు. దాదాపు అందరూ బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్‌లవాళ్లే.

ఆయన పట్టుదల సరైనదా? నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. 1917లో ‘ప్రజలు’ అన్న మాటలో చోటు అడిగిన స్త్రీలు ఈ పట్టుదలకు సంతోషించేవాళ్లే. కానీ పేరు చెప్పకపోవడం ఆ ఇల్లాలి నిర్ణయం అవునో కాదో ఆ గుమ్మంలో ఎవరు కనుక్కున్నారు? అత్తగారో భర్తో పక్కన నిలబడి ఉంటే?

బీహార్‌లో గడువు ఒక నెల పొడిగించారు. అక్కడ చాలామంది స్త్రీలు ముందుకొచ్చి పేర్లు చెప్పారు, మళ్లీ జాబితాకెక్కారు. రాజస్థాన్‌లోనూ గడువు ఇచ్చారు. అక్కడ గుమ్మాల వెనక నుంచి పెద్దగా జవాబు రాలేదు.

(సశేషం)